డాబా మీద సోలార్, సెల్లార్‌లో బండ్ల చార్జింగ్: అపార్ట్‌మెంట్‌లో ముందు దేనికి పూనుకోవాలి?

అడిగినవారు: అసోసియేషన్ కార్యదర్శి, ఎల్బీ నగర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 48 ఫ్లాట్లు. కొత్త కమిటీలో కార్యదర్శి పదవి ఎవరూ వద్దనడంతో నాకు వచ్చింది. పదవితో పాటు మూడు తగాదాలు కూడా వచ్చాయి.

మొదటిది సోలార్. రెండు లిఫ్టులు, బోరు, సంపు మోటారు, కారిడార్ లైట్లు అన్నీ కలిపి కామన్ మీటరు నెలకు దాదాపు 2,400 యూనిట్లు తిరుగుతోంది. ఒక కంపెనీవారు వచ్చి డాబా కొలిచి, 50 కిలోవాట్లు పెట్టుకుంటే కరెంటు బిల్లు అన్న మాటే ఉండదన్నారు. రెండో అంతస్తులో ఒకాయన, డాబాలో తన వాటా తనకు ఇస్తే తన మీటరుకే పెట్టుకుంటానని, సబ్సిడీ కూడా తనకే వస్తుందని పట్టుబడుతున్నారు. పెద్దవాళ్లేమో వడియాలు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతున్నారు. నవ్వకండి, జనరల్ బాడీలో ఎక్కువసేపు చర్చ జరిగింది దాని మీదే.

రెండోది చార్జింగ్. సెల్లార్‌లో ఇప్పటికే పది పన్నెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు, రెండు కార్లు ఉన్నాయి. కొందరు మొదటి అంతస్తు బాల్కనీ నుంచి వైరు కిందికి వేలాడదీస్తున్నారు. కొందరు వాచ్‌మన్ గదిలోని ప్లగ్గు వాడుకుంటున్నారు, ఆ ఖర్చు అందరి మెయింటెనెన్స్‌లోంచి పోతోంది. అసలు సెల్లార్‌లో చార్జింగే వద్దని మరికొందరు.

మూడోది, మెట్రో స్టేషన్ మాకు రెండున్నర కిలోమీటర్లు. పక్క మూడు అపార్ట్‌మెంట్లతో కలిసి ఒక ఎలక్ట్రిక్ ఆటో కొని తిప్పితే బాగుంటుందని యువకుల ఆలోచన.

కార్పస్ ఫండు (అసోసియేషన్ ఉమ్మడి నిధి) ఏడు లక్షలు ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) పనిచేసి రిటైరైన ఇంజనీరు

కార్యదర్శి గారూ, మీరు సోలార్‌ను ముందు రాశారు. నన్నడిగితే చార్జింగే ముందు. సోలార్ ఆరు నెలలు ఆలస్యమైతే పోయేది ఆరు నెలల ఆదా మాత్రమే. బాల్కనీ నుంచి వేలాడే వైరు మాత్రం ఇవాళ రాత్రే ప్రమాదం తేవచ్చు. పైగా బండ్లకు ఎంత కరెంటు కావాలో తేలితేనే సోలార్ ఎంత పెట్టాలో తేలుతుంది.

మీ తగాదా అసలు సాంకేతికమైనది కాదు, ఎవరి కరెంటుకు ఎవరు డబ్బు కడుతున్నారన్నదే. దాన్ని మీటరే తీర్చాలి, ఉపన్యాసాలతో తీరదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం ఎలక్ట్రిక్ వాహనం చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడిగితే డిస్కం ఇవ్వాలి. మహానగరాల్లో కొత్త కనెక్షన్‌కు మూడు రోజులు, మునిసిపాలిటీల్లో ఏడు, పల్లెల్లో పదిహేను రోజులు గడువు. లైను పొడిగించాల్సి వస్తే గడువు పెరుగుతుంది.

కార్లున్నవాళ్లకు నా సలహా ఇది. మీటర్ల బోర్డు సాధారణంగా సెల్లార్‌లోనే ఉంటుంది కాబట్టి, ఎవరి మీటరు నుంచి వాళ్ల పార్కింగ్‌కు సొంత ఖర్చుతో లైను లాక్కోవాలి. అయితే 7.2 కిలోవాట్ల చార్జరు పెడతామంటే ఒప్పుకోకండి. అలాంటివి పది ఒకేసారి నడిస్తే 72 కిలోవాట్లు, మీ ట్రాన్స్‌ఫార్మర్ పరిస్థితి ఆలోచించండి. 16 ఆంపియర్ల సాకెట్‌తో నడిచే 3.3 కిలోవాట్ల చార్జరు రాత్రి ఎనిమిది గంటల్లో 26 యూనిట్లు ఎక్కిస్తుంది. మామూలు కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది, అంటే నూట అరవై పైనే. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి పోయి వచ్చినా ఇంకా మిగులుతుంది.

ప్రతి సాకెట్‌కూ విడిగా ఎంసీబీ (లోడు మించితే లైను ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. సాకెట్లు నేల నుంచి ఛాతీ ఎత్తులో పెట్టించండి. మన సెల్లార్లలోకి వానాకాలం నీళ్లు రావడం కొత్తేమీ కాదు.

జవాబు: సికింద్రాబాద్ వాసి

అందరూ సులువుగా మాట్లాడుతున్నారు. 2022 సెప్టెంబరులో మా దగ్గరే, సెల్లార్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. పొగ మెట్ల దారిలోంచే పైకి పోయింది. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ చార్జింగ్ నిషేధించాం. కావాలంటే బయట పెట్టుకోమన్నాం.

జవాబు: బండ్ల సర్వీసింగ్ రంగంలో ఉన్న సభ్యుడు, విజయవాడ

సార్, మీ భయానికి కారణం ఉంది, కాదనను. కానీ నిషేధిస్తే జనం ఏం చేస్తారో చూడండి. బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తీసుకుపోయి, పడకగదిలో మంచం పక్కన చార్జింగ్ పెడతారు. అది సెల్లార్ కంటే ఘోరం. 2022లో నిజామాబాద్‌లోనూ మా విజయవాడలోనూ ప్రాణాలు పోయింది ఇళ్లలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీల వల్లే.

ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్ 156ను కఠినం చేశారు. 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి చివరి నుంచి రెండో విడత అమలులోకి వచ్చాయి. అందుకని కమిటీ ఒక జాబితా తయారు చేసుకోవడం మంచిది: ఏ బండి ఏ సంవత్సరానిది, బ్యాటరీ కంపెనీదేనా, బయట మార్పించినదా. బయట ఎక్కడో అతికించిన బ్యాటరీ, పాత పెట్రోలు బండికి తగిలించిన ఎలక్ట్రిక్ కిట్టు ఉంటే చార్జింగ్‌కు అనుమతి ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

స్థలం సంగతి. మెట్లకు, లిఫ్టుకు, జనరేటర్ డీజిల్ పెట్టే చోటుకు దూరంగా, ర్యాంపు మొదట్లో గాలి ఆడే వైపు ఒక వరుస కేటాయించండి. పొగ మెట్ల దారి పట్టకుండా ఉండడమే ముఖ్యం. మంటలార్పే సిలిండర్లు పెట్టుకోండి, కానీ అవి వైరింగ్ మంటలకు పనికివస్తాయి. లిథియం బ్యాటరీ లోపల మొదలైతే అవి ఆపలేవు, చాలా నీళ్లు కావాలి. అప్పుడు వాచ్‌మన్ చేయాల్సింది మెయిన్ ఆపి, అందరినీ బయటికి పంపి, 101కు ఫోన్ చేయడం. వీరత్వం చూపించొద్దని ముందే చెప్పి ఉంచండి.

ఎండలో తిరిగి వచ్చిన బండిని అరగంట చల్లారనిచ్చి తర్వాత ప్లగ్గు పెట్టమనండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు పూర్తిగా బంద్.

జవాబు: అసోసియేషన్ కోశాధికారి, విశాఖపట్నం

మేము కామన్ మీటరుకు సోలార్ పెట్టుకున్నాం కాబట్టి ఆ భాగం నేను చెబుతాను.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో దానికి 18,000, మొత్తం 78,000 రూపాయల వరకు సబ్సిడీ. మీ రెండో అంతస్తు పెద్దమనిషి చెబుతున్నది ఇదే. కానీ అసోసియేషన్లకు విడిగా ఉంది. ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున, ఇంటికి మూడు కిలోవాట్ల లెక్కన గరిష్ఠంగా 500 కిలోవాట్ల వరకు. ఆ ఉమ్మడి అవసరాల్లో బండ్ల చార్జింగ్ కూడా ఉందని గమనించండి.

ఆయనకు లెక్క చూపించండి. ఒక కిలోవాట్‌కు నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. 48 ఫ్లాట్లూ తలా రెండు కిలోవాట్లు అడిగితే 9,600 చదరపు అడుగులు. వాటర్ ట్యాంకులు, లిఫ్టు గది, మెట్ల గది పోగా మీ డాబాలో అంత ఉందా? ముందు అడిగిన పదిహేను మందికి చోటు దొరికి మిగతావాళ్లకు దొరకకపోతే ఆ తగాదా ఇంతకంటే పెద్దది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం డాబా ఉమ్మడిది, ఎవరూ గీత గీసి పంచుకునేది కాదు.

సైజు విషయం. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. మీ 2,400 యూనిట్లకు 20 కిలోవాట్లు సరిపోతాయి. 50 దేనికి? మిగిలిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర మీరు కొనే ధర కంటే చాలా తక్కువ. మీ అప్పుతో డిస్కంకు చౌకగా కరెంటు అమ్మినట్టవుతుంది.

డబ్బు: సబ్సిడీ లెక్కకు ప్రభుత్వం కిలోవాట్‌కు 45 నుంచి 50 వేలు ప్రామాణికంగా తీసుకుంది. అంటే 20 కిలోవాట్లకు తొమ్మిది, పది లక్షలు. ఎత్తైన స్టాండు అడిగితే ఇంకా అవుతుంది. అందులో సబ్సిడీ 3,60,000, కానీ అది పని పూర్తై మీటరు బిగించాక వస్తుంది, ముందు మీరే పెట్టుకోవాలి. మీ ఏడు లక్షలకు మరో మూడు నాలుగు లక్షలు సర్దుబాటు చేసుకోవాలి. మీ కామన్ బిల్లులో యూనిట్ సగటున 9 రూపాయలు పడుతోందనుకుంటే ఏడాదికి రెండున్నర లక్షల పైన ఆదా. మూడేళ్లకు అటూ ఇటూగా తీరిపోతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం పోవు, బిల్లు సున్నా అవుతుందని సభలో మాట ఇవ్వకండి.

స్టాండ్ల గురించి మా ఊరి అనుభవం వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం. ఇప్పుడు ఎవరు కొటేషన్ ఇచ్చినా మేము మొదట చూసేది ప్యానెల్ బ్రాండు కాదు, స్టాండు ఏ గాలి వేగానికి లెక్క కట్టారు, డాబా శ్లాబుకు ఎలా బిగిస్తారు, ఆ రంధ్రాల దగ్గర వాటర్‌ప్రూఫింగ్ బాధ్యత ఎవరిది అన్నవే. హైదరాబాద్‌లో తుపాను రాకపోవచ్చు, వేసవి గాలివానలు చాలు.

ఇక వడియాలు. ఎనిమిదడుగుల ఎత్తు స్టాండు వేస్తే కింద మనుషులు తిరగవచ్చు, బట్టలు ఆరవేసుకోవచ్చు. కానీ వడియాలకు నీడ పనికిరాదు కదా! దక్షిణం వైపు పిట్టగోడ పక్కన ఒక పట్టీ ఖాళీగా వదలండి. ఎలాగూ శుభ్రం చేసేవాళ్లు నడవడానికి దారి కావాలి. మా దగ్గర దానితో పెద్దవాళ్లు శాంతించారు.

జవాబు: సోలార్ బిగించే పనిలో ఉన్న సభ్యుడు, వరంగల్

మేడమ్ చెప్పినదానికి కొన్ని కలుపుతాను. ఈ వ్యాపారంలోనే ఉన్నవాణ్ణి కాబట్టి నేనూ 50 పెట్టుకోండి అనాలి. కానీ 20 చాలు, బండ్ల లెక్క తేలాక మరో ఐదు కలపవచ్చు. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) కొనేటప్పుడే ఆ వీలు చూసుకోండి.

ప్యానెళ్లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. కొలతలకు వచ్చినవాళ్లను పొద్దున తొమ్మిదికి, సాయంత్రం మూడున్నరకు నీడ ఎక్కడ పడుతుందో చూడమనండి. మధ్యాహ్నం వచ్చి కొలిచి పోయేవాళ్ల లెక్క నమ్మకండి. డిసెంబరులో నీడ ఇంకా పొడుగు.

సబ్సిడీ కావాలంటే సెల్లులు, ప్యానెళ్లు రెండూ దేశంలో తయారైనవే వాడాలి. బయటినుంచి తెచ్చిన సెల్లులతో ఇక్కడ ప్యానెల్ కట్టినా సబ్సిడీ రాదు. కొటేషన్‌లో ఈ మాట రాయించుకోండి, ధర తక్కువ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే తగ్గిస్తారు. 2025 సెప్టెంబరులో ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో బిల్లు వేస్తున్నారేమో చూసుకోండి.

అందరూ మరిచిపోయేది జనరేటర్. మామూలు సోలార్ ఇన్వర్టర్ లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అది రక్షణ. కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా కరెంటు పోతే మీ సోలార్ లిఫ్టు నడపదు, జనరేటరే నడపాలి. కానీ సోలార్ లైనును చేంజోవర్ స్విచ్చుకు (లైను నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్చుకు) అవతలి వైపు, అంటే లోడు వైపు కలిపితే, జనరేటర్ ఆడుతున్నప్పుడు ఇన్వర్టర్ దాన్నే లైను కరెంటు అనుకొని దానిలోకి కరెంటు తోస్తుంది. జనరేటర్ చెడిపోతుంది. మీటరు వైపు కలపమనండి.

కడగడం పొద్దున్నే లేదా చీకటి పడ్డాక, వేడి గాజు మీద చల్లని నీళ్లు వద్దు. మీ వైపు బోరు నీళ్లు గట్టివి, ఆరితే తెల్లటి మరకలు పడి గట్టిపడతాయి. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే రోజు కడిగించుకోండి. కోతులు ఉంటే వైర్లను పైపులో దూర్చి బిగించాలి.

మళ్లీ కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. ఒక చిక్కు. ఇంజనీరు గారు చార్జింగ్‌కు విడి కనెక్షన్ అంటున్నారు, విశాఖ మేడమ్ కామన్ మీటరు సోలార్‌లో చార్జింగ్ కూడా కలుస్తుందంటున్నారు. విడి మీటరు పెడితే సోలార్ యూనిట్లు దానికి సర్దుబాటు అవుతాయా?

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు

కావు. మామూలు నెట్ మీటరింగ్‌లో, అంటే సోలార్ నుంచి లైనులోకి పంపిన యూనిట్లను వాడిన యూనిట్లలోంచి తీసేసే పద్ధతిలో, లెక్క ఏ మీటరుకు సోలార్ కలిపారో ఆ మీటరుకే. విడి కనెక్షన్‌కు దాని సొంత కేటగిరీ, సొంత బిల్లు. అయినా నేను దాన్నే ఇష్టపడతాను. లెక్క శుభ్రంగా ఉంటుంది, కమిటీలు మారినా తగాదా రాదు.

జవాబు: విశాఖ కోశాధికారి

ఇంజనీరు గారితో ఇక్కడ ఏకీభవించలేను. స్కూటర్లకు విడి కనెక్షన్ దేనికండీ? స్కూటర్ యూనిట్‌కు ముప్పై కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు ముప్పై తిరిగినా నెలకు ముప్పై యూనిట్లు. పన్నెండు స్కూటర్లకు 360. మూడు కిలోవాట్ల సోలార్‌తో అయిపోయే పని. కామన్ మీటరు నుంచే ర్యాంపు దగ్గర ఒక బోర్డు పెట్టి, ప్రతి సాకెట్‌కూ సబ్ మీటరు బిగించి, నెలాఖరున మెయింటెనెన్స్‌తో పాటు వసూలు చేయండి. చార్జింగ్ అనేది సేవ, కరెంటు అమ్మడం కాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది, లైసెన్సు గొడవ లేదు. ధర మాత్రం లాభానికి కాకుండా, కామన్ బిల్లు సగటు ధరకు కాస్త పైన పెట్టండి. ఆ తేడా సాకెట్ల మరమ్మతుకు సరిపోతుంది.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు

స్కూటర్ల వరకు అలాగే కానివ్వండి, సబ్ మీటర్లు ఉంటే నాకు అభ్యంతరం లేదు. కామన్ మీటరు కాంట్రాక్టెడ్ లోడు (ఒకేసారి వాడుకోవడానికి డిస్కం ఒప్పుకున్న పరిమితి) మాత్రం పెంచించుకోండి. పన్నెండు స్కూటర్లు సాయంత్రం ఏడు గంటలకు ఒకేసారి ప్లగ్గు పెడితే, అదే సమయంలో లిఫ్టులూ మోటారూ నడుస్తాయి. టైమరు పెట్టి రాత్రి పదకొండు తర్వాత నడిచేలా చేస్తే ఇంకా మంచిది. కార్లు ఎవరి మీటరు మీద వారే.

సోలార్ దరఖాస్తు గురించి ఒక మాట: పది కిలోవాట్ల లోపైతే సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క. 20 కాబట్టి మీకు పరిశీలన ఉంటుంది, దానికి 15 రోజులు గడువు.

జవాబు: ఉప్పల్ సభ్యుడు, మెట్రో ప్రయాణికుడు

ఎవరూ ఆటో గురించి చెప్పలేదు. నా సలహా, కొనకండి. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 అక్టోబరు నుంచి పర్మిట్ అక్కరలేదు, నిజమే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది. కానీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా, డ్రైవరు జీతం, అతను రాని రోజు గొడవ, అన్నీ మీ మెడకే. అసోసియేషన్లు నడపగలిగిన వ్యాపారం కాదిది.

ఇంకో విషయం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో మహిళలకు ఉచితం. మీ వీధి చివరి నుంచి స్టేషన్‌కు బస్సు ఉంటే సగం మంది మీ ఆటో ఎక్కరు. ముందు నాలుగు అపార్ట్‌మెంట్లు కలిసి సంతకాలతో డిపో మేనేజరుకు పొద్దున, సాయంత్రం ట్రిప్పుల కోసం వినతిపత్రం ఇవ్వండి.

అప్పటికీ ఆటో కావాలనుకుంటే, ఇప్పటికే ఎలక్ట్రిక్ ఆటో ఉన్న డ్రైవరును పట్టుకోండి. పొద్దున ఏడున్నర నుంచి పది దాకా మీ వీధిలోనే తిరగాలి, అందుకు నెలకు ఇంత అని హామీ, రాత్రి చార్జింగ్‌కు మీ ర్యాంపు దగ్గర సబ్ మీటరుతో సాకెట్. డ్రైవర్లకు అతి పెద్ద తలనొప్పి చార్జింగ్ చోటే, డబ్బు కంటే దానికే ఒప్పుకుంటారు. గంటకు 25 కిలోమీటర్లు మించని ఈ-రిక్షా వద్దు, జాతీయ రహదారి దాటాల్సిన దారి మీది.

కార్యదర్శి

బాగుంది. వచ్చే ఆదివారం జనరల్ బాడీ. చార్జింగ్ తీర్మానం ఎలా రాయాలో ఎవరైనా చెబుతారా? అద్దెకు ఉన్నవాళ్ల సంగతి కూడా.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు

ఇలా రాసుకోండి, మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి:

"ర్యాంపు పక్కన గుర్తించిన వరుసలో తప్ప సెల్లార్‌లో మరెక్కడా ద్విచక్ర వాహనాలకు చార్జింగ్ పెట్టరాదు. బాల్కనీ నుంచి వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వాచ్‌మన్ గది ప్లగ్గు వాడకం నేటి నుంచి నిషేధం. కంపెనీ బ్యాటరీ కాని వాహనాలకు అనుమతి లేదు. సబ్ మీటరు రీడింగు ప్రకారం వచ్చే మొత్తాన్ని మెయింటెనెన్స్‌తో కలిపి చెల్లించాలి. కారు యజమానులు తమ మీటరు నుంచి, సొంత ఖర్చుతో, లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారా, 3.3 కిలోవాట్లకు మించకుండా లైను వేసుకోవచ్చు. అద్దెదారులకూ ఇదే హక్కు ఉంటుంది. వారు ఖాళీ చేసేటప్పుడు బకాయి ఉంటే ఫ్లాటు యజమాని చెల్లించాలి."

ఆఖరి వాక్యం చదవగానే యజమానులు లేస్తారు. దాన్ని తీసేయడానికి ఒప్పుకోకండి. సోలార్ తీర్మానం దీనితో కలపకుండా విడిగా పెట్టండి, ఒకదాని మీద కోపం రెండోదాని ఓటులో చూపిస్తారు.